వేడెక్కాక కరిచే మిషను

మొదటి ఉత్తరం

నాయనా పెద్దోడా,

ముందుగా నేనెవరో రాయాలట. “నా కొడుక్కి నేనెవరో తెలియదా” అంటే ఇది రాసిపెడుతున్న ఎదురింటి దర్జీ ఒప్పుకోవడం లేదు. “ఇది క్షేమసమాచారం కాదు పిన్నిగారూ, వాదన. వాదన అన్నాక ఎవరు చెప్తున్నారు, వయసెంత, ఏ ఇల్లు అనేది ముందు తేలాలి” అంటున్నాడు. సరే, తేల్చేస్తాను. నాకు పేరు పెట్టినవాళ్ళు పోయారు, ఆ పేరుతో పిలిచినవాళ్ళూ పోయారు. ఇప్పుడు అందరికీ నేను గింజలమ్మను. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో లెక్క పెట్టుకుంటే మోకాళ్ళు నొప్పి పుడతాయని మానేశాను. ఈ ఇంట్లో నేను, నీ తమ్ముడు చిన్నోడు, వాడి పెళ్ళాం, చదువు కోసం నువ్వు మా దగ్గర ఉంచిన నీ కూతురు చిట్టి ఉంటున్నాం. ముందుగది చిన్నోడు పాత మిషన్లు బాగుచేసి అమ్మే షెడ్డు, వెనక గదులు మావి. నాకు చదువు రాదు. కళ్ళు కనపడతాయి, చెవులు వినపడతాయి, మతి వాటికంటే బాగా పనిచేస్తుంది. ఆ చివరి మాట కింద గీత గీయమన్నాను. గీశాడో లేదో నేను చూసి చెప్పలేను, నువ్వే చూసుకో.

చిట్టి చేత రాయించవచ్చు. కానీ ఈ ఉత్తరం దాని ప్రాణం గురించి. అందుకని ఎదురింటి మెట్లెక్కి దర్జీ మిషను పక్కన కూర్చుని చెప్తున్నాను.

చిన్నోడి దగ్గరికి కొత్తగా ఒక పాత మిషను వచ్చింది. థియేటర్లలో పాప్‌కార్న్ వేయించే పెద్ద అద్దాల మిషను. టార్పాలిన్‌లో చుట్టి, తాళ్ళు కట్టి, నలుగురు మనుషులు శవాన్ని దింపినట్టు దింపారు. వాడి పద్ధతి నీకు తెలుసు కదా. ఏ మిషను వచ్చినా మొదట ముట్టుకోడు. టార్చి పట్టుకుని చుట్టూ తిరుగుతాడు. కాళ్ళ ఆకారం చూస్తాడు, మూలల్లో రివెట్లు చూస్తాడు. వెనక పలకలోకి ముక్కు పెట్టి ఏ నూనె వాడారో వాసన పడతాడు. పైన పూసిన రంగు బ్లేడుతో చిటికెడు గీకి, ఆకుపచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద నికెల్ అని చెప్తాడు. దీనికి పేరు పలక ఎవరో పీకేశారు. దాంతో వాడికి పండగ. అన్నం తినమంటే “ఇది ఎవరి పిల్లో తేలనీ అమ్మా” అంటాడు.

నేను మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళాను. ముందు అద్దం తుడిచి పెట్టాడు. దాని మీద చెక్కిన తీగ ఉంది. తీగ చివర ఆకు సగమే ఉంది. ఆ సగం ఆకును నేను ఎన్నేళ్ళు గుడ్డతో తుడిచానో నాకు తెలుసు. అది మీ పెద్దమ్మను చంపిన మిషను.

నీకప్పుడు ఊహ తెలియదు. అక్కా నేనూ ఒకే థియేటర్లో, ఒకే కౌంటర్లో వంతులవారీగా నిలబడేవాళ్ళం. ఆ మిషను కరిచేది. షాక్ అనే మాట మేము వాడలేదు. కరుస్తుంది అనేవాళ్ళం. కాళ్ళ కింద చెక్కపీట వేసుకునేవాళ్ళం. కుడిచేత్తో గిన్నె వంచే పిడి పట్టుకుంటే ఎడమచెయ్యి నడుము వెనక కొంగులో దోపుకునేవాళ్ళం. రెండు చేతులూ ఎప్పుడూ ముందుకు రానిచ్చేవాళ్ళం కాదు. కొనడానికి వచ్చినవాళ్ళు “ఏమ్మా, నడుము నొప్పా” అని నవ్వేవాళ్ళు. ఆ రోజు వాన. జనం తడి చెప్పులతో లోపలికి వచ్చారు. నేల తుడిచినవాడు పీట తీసి గోడకు ఆనించాడు. అక్క ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేత్తో ఉప్పు డబ్బా అందుకోబోయింది. కౌంటరు అంచుకు ఇనుప పట్టీ ఉంది. అంతే. కేక కూడా వెయ్యలేదు. గిన్నెలో గింజలు పేలుతూనే ఉన్నాయి. వరసలో ముందున్నాయన “తొందరగా ఇవ్వమ్మా, బొమ్మ మొదలవుతోంది” అంటూనే ఉన్నాడు.

గుండె ఆగిందన్నారు థియేటరువాళ్ళు. గుండె దానంతటది ఆగదు, ఏదో ఆపితే ఆగుతుంది అని నేను థియేటరు గుమ్మంలో నిలబడి అరిచాను. దుఃఖంలో ఉంది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ జీర్ణం కాలేదు.

ఇప్పుడు సంగతి. బజారు చివర మూతబడ్డ థియేటర్‌ను కొత్త యజమాని కొని తెరుస్తున్నాడు. లోపల అంతా పాతకాలంలా ఉండాలని ఆయన ముచ్చట. ఈ మిషను ఆయనకే వెళ్తుంది. కౌంటర్లో పాతకాలపు టోపీ, ఏప్రాను వేసుకుని నిలబడే పిల్ల కావాలంటే చిన్నోడు చిట్టి పేరు చెప్పాడు. అది అద్దం ముందు టోపీ వంకరగా పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంటోంది. నేను వెళ్ళి ఆ కౌంటరు చూసి వచ్చాను. మొత్తం స్టీలు. కింద పాలరాయి. ఆటకీ ఆటకీ మధ్య నీళ్ళతో తుడుస్తారట.

చిన్నోడిని అడిగాను. “దీనికి మూడో వైరు ఏదిరా? ఎర్తు వైరు?”

“అప్పట్లో లేదమ్మా. రెండు పిన్నుల ప్లగ్గే.”

“ఇప్పుడు పెట్టు.”

“పెట్టాలంటే అడుగు పళ్ళెంలో రంధ్రం వెయ్యాలి. వెతగ్గా వెతగ్గా కంపెనీ ముద్ర దొరికింది దాని మీదే. రంధ్రం పడితే ఇది పాత మిషను కాదు, పాడైన మిషను.”

“గిన్నె కింద కాయిల్ విప్పి చూశావా?”

“ఆ రివెట్లు ఫ్యాక్టరీలో కొట్టినవి. ఇన్నేళ్ళు ఎవడూ ముట్టుకోలేదు. నేను ముట్టుకుంటానా?”

“పోనీ వేడి చేసి చూశావా?”

దానికి వాడు నన్ను చూసిన చూపు, నేను గుళ్ళో చెప్పులతో తిరిగానేమో అన్నట్టుంది. గిన్నెకు కళాయి పూసి అద్దంలా చేశాడట. ఒక్కసారి నూనె కాగితే అడుగు పసుపెక్కిపోతుందట. అందుకని షెడ్డులో ఎప్పుడూ వేడి చెయ్యడు. మొదటి గింజలు కొన్న యజమాని చేతే వేయిస్తాడు. ఈ పనిలో అదీ మర్యాద అన్నాడు. ఇప్పటిదాకా ఇచ్చిన మిషన్లన్నీ అలాగే ఇచ్చాడట. నా కోసం టెస్టరు తెచ్చి, స్విచ్చి వేసీ వెయ్యగానే మిషను ఒళ్ళంతా తాకించి చూపించాడు. ఎక్కడా వెలగలేదు. “చూశారుగా అత్తయ్యా, ఇక మిషనుకు దిష్టి పెట్టకండి” అంది కోడలు.

చల్లగా ఉన్నప్పుడు అందరూ మంచివాళ్ళే. మా మిషనూ వేడెక్కాకే కరిచేది. ఆ మాట చెప్తే “అప్పటి వైర్లు వేరు, నేను వేసిన వైర్లు వేరు” అంటాడు. నా మాట వాడి చెవిలోకి దూరదు. అన్నవి కాబట్టి నీ మాటంటే వాడికి ఇప్పటికీ కాస్త బెరుకు ఉంది. నువ్వు రాయి. ఆ మిషనును థియేటర్‌కు పంపొద్దని రాయి. లేదా నీ కూతుర్ని అక్కడ నిలబెట్టొద్దని రాయి. రెండూ రాస్తే ఇంకా మంచిది.

నీ అమ్మ గింజలమ్మ వేలు ఇక్కడ వేసింది.
చెప్పింది చెప్పినట్టు రాసినవాడు ఎదురింటి దర్జీ.


రెండో ఉత్తరం

పెద్దోడా,

నీ జవాబు వచ్చింది. దర్జీ చదువుతుంటే మధ్యలో ఆపించి మళ్ళీ చదివించాను, తప్పు చదువుతున్నాడేమోనని. కాదు, నువ్వే అలా రాశావు. “పెద్దమ్మ మీద బెంగ నీకింకా తగ్గలేదు, ఇనుముకు పగ ఉండదమ్మా, తమ్ముడి పని తమ్ముడిని చేసుకోనీ, చిట్టి సరదా పడుతోంది కదా” అని. బాగుంది నాయనా. వంతెన కట్టేవాడివి. ఒక్క బోల్టు వదులుగా ఉందని నీ కింద పనివాడు చెప్తే, నీకు బెంగ ఎక్కువైంది ఇంటికి పో అంటావా?

కోపం తర్వాత. ముందు నేను ఒక సంగతి ఒప్పుకోవాలి, ఎందుకంటే నా వాదనలో నేనే అబద్ధం ఉంచుకోను. ఇది ఆ మిషను కాదు.

నీ ఉత్తరం చిన్నోడికి కూడా చేరింది. వాడు గెలిచినవాడిలా రాలేదు, అది చెప్పాలి. మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “అమ్మా, అద్దం మీ థియేటర్‌దే అయ్యుండొచ్చు. పాత సామాను అమ్మేవాళ్ళు ఒకదాని అద్దాలు ఇంకోదానికి బిగిస్తారు. ఒంటిని చూసి పోల్చాలి గానీ మొహాన్ని చూసి కాదు. రా, నిలబడు. ఎప్పుడూ నిలబడేదానివి చూడు, అలాగే” అన్నాడు.

వెళ్ళి నిలబడ్డాను. ఎన్నేళ్ళైనా ఒళ్ళు మర్చిపోదు కదా. ఎడమచెయ్యి దానంతటదే నడుము వెనక్కి పోయింది. కుడిచెయ్యి పైకి లేచి పిడి కోసం పోయింది. అక్కడ ఏమీ లేదు. గాలి. ఈ మిషనుకు పిడి ఎడమవైపు ఉంది.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికి. చిట్టి మాత్రం నా గాలిలో ఉన్న చేతిని చూస్తూ నిలబడిపోయింది. చిన్నోడు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. “మీది వేరే కంపెనీదమ్మా. కాళ్ళు కూడా వేరుగా ఉంటాయి. మీ దాన్ని ఎప్పుడో కరిగించేసి ఉంటారు. పెద్దమ్మను చంపినది ఇక లేదు. నువ్వు హాయిగా నిద్రపో” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. వాడు పాత మిషన్లను పోల్చడంలో తప్పు చెయ్యడు. నేనే తప్పు.

ఆ రోజంతా ఇంట్లో అందరూ నాతో మెత్తగా మాట్లాడారు. పిచ్చిదానితో మాట్లాడే మెత్తదనం ఒకటి ఉంటుంది చూడు, అది. కోడలు అడగకుండానే పాలు తెచ్చి ఇచ్చింది. చిన్నోడు ఎవరితోనో ఫోనులో “ముసలావిడకు మతిమరుపు మొదలైంది, డాక్టరుకు చూపించాలి” అన్నాడు. నేను గోడ అవతలే ఉన్నాను. గోడకు చెవులు లేవు, నాకున్నాయి.

మర్నాడు పెరట్లో కూర్చుని ఆలోచించాను. ఇది మా మిషను కాదు. సరే. మరి బజారులో ఇంకో థియేటరు ఉండేది. అందులో కౌంటర్లో ఒక పొడుగామె నిలబడేది. వాళ్ళ మిషను పిడి ఎడమవైపే ఉండేది. ఆమె కుడిచెయ్యి నడుము వెనక పెట్టుకునేది. స్టేషను దగ్గర థియేటర్లో ఒక లావుపాటి ఆమె పీట మీద నిలబడేది, వెళ్ళేటప్పుడు ఆ పీటను ఇంటికి మోసుకుపోయేది, ఎవరైనా ఎత్తుకుపోతారని. మేమంతా ఒకే స్కూల్లో చదువుకున్నామా? ఒకరికొకరు నేర్పుకున్నామా? లేదే. అక్క కూడా నాకు ఎందుకో చెప్పలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకోవే అంది, అంతే. ఒక్కొక్కళ్ళనీ వాళ్ళవాళ్ళ మిషనే కరిచి నేర్పింది.

చూడు పెద్దోడా. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మిషనే దొంగ అనుకున్నాను. దాన్ని కరిగించేశారని విని ఊపిరి పీల్చుకోవాలి. కానీ అదొక్కటే కాదన్నమాట. ఆ జాతే అంత.

చిట్టిని కూర్చోబెట్టి చెప్పాను. “పోనీ నేను కూడా చెయ్యి వెనక్కి పెట్టుకుంటానులే నానమ్మా” అంది. కాసేపటికి అదే, “ఒక చేత్తో పొట్లం ఎలా నింపాలి, డబ్బులెలా తీసుకోవాలి? వాళ్ళు రెండు చేతులతో నవ్వుతూ ఇవ్వమన్నారు” అంది. దాని మొహంలో సరదా కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు. ఆ వయసులో భయం అంతసేపు నిలబడదు.

మిషనును ఈ వారంలోనే తీసుకుపోతారు. మాటలతో అయ్యే పని కాదని తేలిపోయింది. నేను ఒకటి నిర్ణయించుకున్నాను. వాడు చెయ్యని పని నేను చేస్తాను. నూనె పోస్తాను, గింజలు పోస్తాను, స్విచ్చి వేస్తాను. ఆ మెరిసే గిన్నెను కాలుస్తాను. పసుపెక్కితే ఎక్కనీ. కరవకపోతే వాడి కాళ్ళు పట్టుకుని తప్పు ఒప్పుకుంటాను, డాక్టరు దగ్గరికి నా అంతట నేనే నడిచి వెళ్తాను, చిట్టి టోపీ నా చేతులతో సర్దుతాను. కరిస్తే నలుగురి ముందు కరవాలి. అందుకే దర్జీని వచ్చి కూర్చోమన్నాను. వీడు రాయడం ఆపి, “పిన్నిగారూ, మీకేమైనా అయితే నా మీదికి వస్తుంది” అంటున్నాడు. రాయరా. నాకేమైనా అయితే ఎవరి మీదికీ రాకూడదనే ఈ ఉత్తరం. నేను నా ఇష్టంతో, మతి ఉండే చేస్తున్నాను. నాకు ఆ మిషను ముందు ఎలా నిలబడాలో తెలుసు. తెలియనిది నీ కూతురికి.

నాకేమైనా అయితే నువ్వు ఏడవడానికి రావద్దు. మిషనును ఆపడానికి రా.

అమ్మ వేలు.
రాసింది దర్జీ. తనకు ఇష్టం లేదని కూడా రాస్తానంటున్నాడు, రాయనిచ్చాను.


మూడో ఉత్తరం

పెద్దోడా,

ఈ కాగితం పోస్టులో రావడం లేదు. మీ వైపు వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి ఇచ్చాను. నువ్వున్న కొండ మీద ఫోను పలకదు. అందుకే ఇలా. నిలబడి చదవకు, చదువుతూనే బయలుదేరు. ఎక్కడికో చివర చెప్తాను. కారణం తెలియకుండా వెళ్తే అక్కడ నీ మాట ఎవరూ వినరు.

నాకేమీ కాలేదు. అది ముందు రాయమన్నాను, నువ్వు కంగారు పడతావని. అయింది నీ తమ్ముడికి. బతికే ఉన్నాడు.

చిన్నోడు పాలిష్ కొనడానికి బజారుకు వెళ్ళాడు. వాన పడుతోంది. కోడలు వెనక గదిలో ఉంది. దర్జీ స్టూలు మీద, చిట్టి గుమ్మంలో. చిట్టిని లోపలికి అడుగు పెట్టొద్దని, మెయిను స్విచ్చి దగ్గరే ఉండమని ఒట్టు వేయించుకున్నాను. రబ్బరు చాప మీద చెక్కపలక వేసుకుని నిలబడ్డాను. పిడి ఎడమవైపు కాబట్టి ఈసారి కుడిచెయ్యి వెనక్కి. కొత్తగా ఉంది, ఎవరి ఒంట్లోనో నిలబడ్డట్టు. నూనె పోశాను. గింజలు పోశాను. స్విచ్చి వేశాను.

ముందు ఏమీ లేదు. పిడి ముట్టుకున్నాను. ఏమీ లేదు. నూనె కాగింది, మొదటి గింజ పేలింది, తర్వాత జడివానలా పేలాయి. అద్దం వెనక తెల్లగా పొంగి పైదాకా వచ్చాయి. చిట్టి చప్పట్లు కొట్టింది. దర్జీ, “పిన్నిగారూ, మీరు ఓడిపోయారు గానీ వాసన మాత్రం అద్భుతం” అన్నాడు. నేనూ నవ్వాను. నిజం చెప్తున్నాను, అంత తేలికపడి చాలా ఏళ్ళయింది. గిన్నె వంచి గింజలు దింపి, రెండో వాయి పోశాను. ఇక ఆపేద్దాం అనుకుంటూ పిడి మీద చెయ్యి వేశాను. వేలి కొసల్లో చీమలు పాకాయి.

“అంతా వెనక్కి వెళ్ళండి” అని నేను అంటూండగానే చిన్నోడు వచ్చాడు. వీధిలోకి వాసన వచ్చిందట. చెప్పులు బయటే విడిచాడు, తడి కాళ్ళు, తడి చొక్కా. గిన్నె అడుగు గోధుమరంగు తిరిగి ఉంది. వాడికి నేను కనపడలేదు, గిన్నె కనపడింది. “ఏం చేశావమ్మా! ఏం చేశావు!” అంటూ దూకి ఒక చేత్తో గిన్నె వేలాడే కడ్డీ పట్టుకున్నాడు. జారిపోకుండా రెండో చెయ్యి ఇనుప బల్ల మీద వేశాడు.

పెద్దోడా, ఆ మౌనం నాకు తెలుసు. వాడి నోరు తెరుచుకునే ఉంది, మాట లేదు. కళ్ళు నన్నే చూస్తున్నాయి. గింజలు పేలుతూనే ఉన్నాయి. “కట్టెయ్!” అని అరిచాను. చిట్టి మెయిను మీద చెయ్యి వేసేలోగా దర్జీ చంకలోని చెక్క గజంబద్ద తీసి చిన్నోడి మణికట్టు మీద కొట్టాడు. బద్ద విరిగింది. చిన్నోడు వెనక్కి పడ్డాడు, తల గోడకు తగిలింది. దర్జీ ఈ ముక్క ఇంకొంచెం విపులంగా రాస్తానంటున్నాడు. వద్దన్నాను. కానీ మా ఇంటి బట్టల కుట్టుకూలి దగ్గర ఇక తనతో బేరం ఆడనని రాసుకోమన్నాను.

అరచెయ్యి కాలి ఒలిచినట్టైంది. మణికట్టు విరిగింది, అది బద్ద దెబ్బకో పడ్డప్పుడో డాక్టరు చెప్పలేదు. గుండెకు వైర్లు పెట్టి చూసి, ఇంటికి పంపారు. కరెంటాయన వచ్చి రివెట్లు విప్పాడు. కాయిల్ చుట్టూ కరెంటును బయటికి రానివ్వని అభ్రకం రేకులు ఉంటాయట, అవి పొడైపోయాయట. ఏళ్ళ తరబడి ఉప్పూ నూనే దిగి వాటిలో ఇంకిపోయాయట. చల్లగా ఉంటే కరెంటు బయటికి రాదు, బాగా వేడెక్కితే ఒంట్లోకి దిగుతుందట. ఇవన్నీ ఆయన చెప్పాడు. కరుస్తుందని నేను చెప్పాను. రెండూ ఒకటే.

చిన్నోడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోడలు వాడి కాళ్ళ దగ్గర కూర్చుంది, నా వంక చూడలేదు. వాడు అటు తిరిగే అన్నాడు, “అమ్మా, నేను థియేటర్లకు ఇచ్చిన మిషన్లన్నీ చల్లగా ఉండగానే చూశాను కదా.”

“అవును.”

“ఒక్కదానికీ రివెట్లు విప్పలేదు.”

“అవును నాయనా.”

మర్నాడు పొద్దున వాడే నా దగ్గరికి వచ్చి, “చెయ్యి బాగయ్యాక ఒక్కొక్కచోటికీ వెళ్ళి, పాలిష్ చేస్తానని చెప్పి మెల్లగా బాగుచేసేస్తాను. ఇప్పుడు బయటపెడితే ఇక నా దగ్గరికి ఎవడూ రాడు. నా పేరు పోతుంది. నువ్వు మాట్లాడకు” అన్నాడు. కోడలు కూడా మొదటిసారి నన్ను బతిమాలింది. “అత్తయ్యా, మీరు గెలిచారుగా. ఇక వదిలెయ్యండి” అంది.

గెలవడమేమిటి? నేను పందెం కాశానా? “నీ చెయ్యి బాగయ్యేదాకా ఆ కౌంటర్లలో ఆడపిల్లలు రెండు చేతులూ ముందుకు పెట్టుకుని నిలబడాలా? మీ పెద్దమ్మకు గుండె ఆగిందన్నవాడూ తన థియేటరు పేరు కాపాడుకున్నాడు. ఆ పక్కన నీ పేరూ రాయించుకుంటావా?” అని అడిగాను. అరవలేదు. అరిస్తే వాడు నాకు ఎదురు తిరిగేవాడు. వాడు ఏడ్చాడు. తర్వాత ఫోను తీసి చిట్టికి ఇచ్చి, నంబర్లు తనే చెప్పాడు.

చిట్టి అందరికీ చేసింది. కొందరు తిట్టారు, కొందరు భయపడ్డారు, కానీ ప్లగ్గు పీకేశారు. ఒక్కడు తప్ప. మీ కొండ కింద ఊళ్ళో, నువ్వే మాట్లాడి చిన్నోడి చేత మిషను ఇప్పించిన థియేటరు మేనేజరు. చిట్టి మాట వినలేదు. చిన్నోడు మాట్లాడితే, “ధర పెరిగిందని వెనక్కి లాక్కుందామని చూస్తున్నావా?” అన్నాడు. నేను ఫోను లాక్కున్నాను.

“బాబూ, ఆ మిషను కరుస్తుంది” అన్నాను.

ఆయన నవ్వాడు. “రోజూ నడుస్తోంది ముసలమ్మా, మాకేం కాలేదు. మా కౌంటరు పిల్ల కూడా చెప్పిందిలే. రెండో ఆట వేళకు వేళ్ళకు కాస్త చిమచిమలాడుతుందట. అంతకుమించి ఏమీ లేదు” అని ఫోను పెట్టేశాడు.

పెద్దోడా, ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నీ దగ్గర ఈ కాగితం ఉంది. వెళ్ళి ముందు ప్లగ్గు పీకు, తర్వాత కాగితం చూపించు. నమ్మకపోతే ఇది చదివి వినిపించు. నేను గింజలమ్మను, చదువు రానిదాన్ని, ఇది నేను చూసింది చూసినట్టు, నా మతితో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పిన మాట. దీని కింద ఉన్నవాళ్ళు ఇది నిజమని ఒప్పుకున్నవాళ్ళు. మూడో సాక్షి తనూ వేలు వేస్తానని అడిగి మరీ వేశాడు.

గింజలమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:

దర్జీ, ఎదురింటివాడు, రాసినవాడు, కళ్ళారా చూసినవాడు. సంతకం.

చిట్టి, మనవరాలు. సంతకం.

చిన్నోడు, చిన్నకొడుకు, ఆ మిషన్లన్నీ బాగుచేసి ఇచ్చినవాడు. చదువు వచ్చు. కుడిచెయ్యి కట్టులో ఉన్నందువల్ల, అమ్మ పక్కనే, ఎడమ బొటనవేలి ముద్ర.